చంద్రమతి నుంచి కౌసల్య దాకా: పసుపులేటి కన్నాంబ

కడప జిల్లా అనగానే మనకు తాళ్ళపాక అన్నమయ్య గుర్తొస్తాడు, వేమన గుర్తొస్తాడు, ఒంటిమిట్ట కోదండరాముడు, గండికోట, బ్రౌను దొర గుర్తొస్తారు. నాటకం, సినిమా అనేసరికి మాత్రం మన నోట తెనాలి, బందరు, ఏలూరు, రాజమండ్రి పేర్లే వస్తాయి. నటులంతా కోస్తా జిల్లాల వాళ్ళేననీ, మన సీమకు వానా లేదు, వేషమూ లేదనీ ఒక అపోహ మనలో పాతుకుపోయింది.

నిజం అది కాదు. 1885లో వనారస గోవిందరావుగారి చొరవతో తొలి ప్రదర్శన ఇచ్చిన సురభి నాటక సమాజానికి పేరిచ్చిన సురభి గ్రామం మన జిల్లాలోదే. తెలుగు టాకీలకు తొలి కథానాయిక అయిన కమలాబాయి ఆ సురభి వంశపు బిడ్డే. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న దర్శకుడు బి.ఎన్.రెడ్డిగారు పులివెందుల తాలూకావారు. హాస్యనటుడు పద్మనాభంగారిది పులివెందుల పక్కన సింహాద్రిపురం. గాయని, నటి శాంతకుమారిగారిది ప్రొద్దుటూరు. ఈ వరుసలో అందరికంటే ముందు చెప్పుకోవలసిన పేరు ఒకటుంది. అదే పసుపులేటి కన్నాంబ. తెలుగువారూ తమిళులూ ఆమెను మా నటి అంటే మా నటి అన్నారు. ఏలూరువారు మా ఊరి పిల్ల అన్నారు. పుట్టిన కడపవాళ్ళం మాత్రం ఆ మాట గట్టిగా అన్న పాపాన పోలేదు.

పుట్టింది ఇక్కడ, పెరిగింది అక్కడ

కన్నాంబ 1911 అక్టోబరు 5వ తేదీన కడపలో పుట్టింది. తల్లిదండ్రులు వెంకటనరసయ్య, లోకాంబ. చిన్నతనంలోనే ఆమెను ఏలూరులో ఉన్న అమ్మమ్మగారింటికి పంపారు. తాతగారు నాదముని నాయుడుగారు నాటువైద్యం చేసేవారు. చదువు సంగతెలా ఉన్నా, పిల్లకు సంగీతం చెప్పించారు. ఆ కాలంలో అదే పెద్ద విశేషం. ఏలూరు ఆనాడు నాటకాలకు పెట్టింది పేరు. వారంలో ఏదో ఒక రాత్రి ఎక్కడో ఒకచోట తెర లేచేది. హార్మోనియం శ్రుతి వీధి చివరిదాకా వినబడేది. అలాంటి ఊళ్ళో, పాట వచ్చిన పిల్ల నాటకం చూడకుండా ఎట్లా ఉంటుంది?

ఆమె రంగస్థల ప్రవేశం గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఒక రాత్రి ఏలూరులో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారు. చంద్రమతి వేషం వేసింది మగవాడు. ఆ రోజుల్లో అది మామూలే. కొడుకు లోహితాస్యుడి శవం మీద పడి ఏడ్చే ఘట్టం వచ్చింది. అసలు ప్రేక్షకుల గుండె కరిగిపోవలసిన చోటు అది. తీరా వేషధారి పాట అందుకునేసరికి జనం ఈలలు వేసి గోల చేశారట. కూర్చుని చూస్తున్న ఈ పిల్లకు ప్రాణం ఒప్పలేదు. లేచి వేదిక ఎక్కి, ఆ పాట తానే పాడిందట. గోల చేసిన జనమే నిశ్శబ్దంగా విన్నారట. ఆ తర్వాత నాటక సమాజాలవాళ్ళు ఆమె ఇంటికి వచ్చి వేషాలు అడగడం మొదలైంది.

కథలో అతిశయోక్తి ఎంత ఉన్నా, అందులో ఒక సత్యముంది. బిడ్డ పోయిన తల్లి ఏడుపును మగవాడు సన్నగొంతు పెట్టి నటిస్తే జనం అంతవరకు సరిపెట్టుకున్నారు. అసలు గొంతు వినబడ్డాక మళ్ళీ వెనక్కి పోలేకపోయారు. మన పక్క తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవగారు స్త్రీల పాత్రలు స్త్రీలే వెయ్యాలని వాదించి, పోరాడి, చదువుకున్న స్త్రీలను వేదిక ఎక్కించారు. ఆయన వాదనతో సాధించదలచుకున్న పనిని ఇలాంటి పిల్లలు గొంతుతో సాధించారు. అయితే ఆ పిల్లలకు దక్కిన గౌరవం వేరు, మర్యాద వేరు. తెర పడేదాకా చప్పట్లు కొట్టిన పెద్దమనుషులే, తెర పడ్డాక నాటకాలాడే ఆడది అని పెదవి విరిచేవాళ్ళు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటేగాని కన్నాంబ జీవితం మనకు అర్థం కాదు.

గొంతే పెట్టుబడి

ఆనాటి నాటకరంగం ఎట్లా ఉండేదో ఈనాటి విద్యార్థులు ఊహించుకోవడం కష్టం. మైకులు లేవు. పెట్రోమాక్సు దీపాల వెలుతురులో, వేలమంది జనంలో, చిట్టచివర చెట్టెక్కి కూర్చున్నవాడిక్కూడా పద్యం అక్షరం అక్షరం వినబడాలి. రాగం తియ్యాలి. ఒన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాలి. అర్ధరాత్రి మొదలైన నాటకం తెల్లవారుజామున కాటిసీనుకు చేరేసరికి కూడా గొంతు బొంగురుపోకూడదు. కన్నాంబ అలాంటి బడిలో చదువుకుంది. చంద్రమతి, సావిత్రి, అనసూయ, యశోద, ఇలా పౌరాణిక స్త్రీలందరినీ ఊరూరా తిరిగి ఆడింది. మాట స్పష్టంగా పలకడం, ఉద్వేగం పెరిగే కొద్దీ గొంతు చీల్చుకోకుండా పైకి తీసుకుపోవడం ఆమెకు అక్కడే పట్టుబడ్డాయి.

నాటకరంగంలోనే ఆమె కడారు నాగభూషణంగారిని పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ కలిసి రాజరాజేశ్వరీ నాట్యమండలి నడిపారు. వేషం వేసే మనిషే సమాజం యజమానురాలు కావడం, జీతాలు ఇచ్చే చెయ్యి కావడం ఆ రోజుల్లో ఒక స్త్రీకి చిన్న విషయం కాదు. తర్వాతి కాలంలో ఆమె నిర్మాత అయిందంటే దానికి విత్తనం ఇక్కడే పడింది.

టాకీల్లో తొలి అడుగు

1931లో కాళిదాసు, 1932లో భక్త ప్రహ్లాద వచ్చి తెలుగు మాట తెరమీద వినబడ్డాక, సినిమావాళ్ళ చూపంతా నాటకరంగం మీద పడింది. కారణం సులువే. అప్పట్లో నేపథ్యగానం లేదు. నటించేవాళ్ళే కెమెరా ముందు నిలబడి పాడాలి. వాద్యగాళ్ళు చెట్టు చాటునో తెర చాటునో కూర్చుని వాయించాలి. మాట, పాట, వాద్యం అన్నీ ఒకేసారి రికార్డు కావాలి. మధ్యలో ఎవరు తడబడినా మళ్ళీ మొదటికి రావాలి. ఇట్లాంటి పనికి అందం ఒక్కటే చాలదు, వేదిక మీద కాచి వడపోసిన గొంతు కావాలి.

అలా 1935లో హరిశ్చంద్ర చిత్రంలో కన్నాంబ చంద్రమతిగా తెరమీదికొచ్చింది. హరిశ్చంద్రుడు అద్దంకి శ్రీరామమూర్తిగారు. ఆమెకు అప్పటికి ఇరవైనాలుగేళ్ళు. నాటకంలో తన పేరు నిలబెట్టిన పాత్రే సినిమాలోకి దారి చూపింది.

మరుసటి ఏడు, 1936లో, ఒక తమాషా జరిగింది. ద్రౌపది కథను రెండు సంస్థలు పోటీ పడి తీశాయి. ఒకటి ద్రౌపదీ మానసంరక్షణం. అందులో దుర్యోధనుడు సాక్షాత్తు బళ్ళారి రాఘవగారు, ద్రౌపది సురభి కమలాబాయి. రెండోది హెచ్.వి.బాబుగారి దర్శకత్వంలో వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణం. అందులో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణగారు, కృష్ణుడు సి.ఎస్.ఆర్., ద్రౌపది కన్నాంబ. చూడండి, ఒక పక్క రాయలసీమ రంగస్థల సింహం, సురభి ఆడపడుచు. ఇంకో పక్క కడపలో పుట్టిన మరో ఆడపడుచు. ప్రజలు రెండోదానికే పట్టం కట్టారు. నిండుసభలో నిలబడి ధర్మం అడిగే ద్రౌపది, చెరిచిన జుట్టుతో శపథం చేసే ద్రౌపది జనం మనసులో నాటుకుపోయింది. ఏడ్చే చంద్రమతిగానే కాదు, నిలదీసే ద్రౌపదిగా కూడా కన్నాంబ నిలబడింది.

ముడివేము చాళుక్యులూ, చిత్రాంగీ

1937లో వచ్చిన సారంగధర మనవాళ్ళు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. దర్శకుడు పి.పుల్లయ్యగారు. సారంగధరుడు బందా కనకలింగేశ్వరరావుగారు. సవతి కొడుకు మీద మోహపడి, అతడు కాదంటే పగబట్టే చిత్రాంగి కన్నాంబ. ప్రొద్దుటూరు శాంతకుమారి కూడా అందులో నటించింది. అంటే ఒకే చిత్రంలో మన జిల్లాలో పుట్టిన స్త్రీలు ఇద్దరున్నారు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఈ కథలో రాజు రాజరాజనరేంద్రుడు, వేంగీ చాళుక్యుడు. ఆ వంశం పుట్టుపూర్వోత్తరాలు చెప్పే శాసనాల్లో ముడివేము అనే అగ్రహారం ప్రస్తావన వస్తుంది. భర్త యుద్ధంలో పోతే, గర్భవతి అయిన రాణి ఆ అగ్రహారంలో విష్ణుభట్ట సోమయాజి అనే బ్రాహ్మణుడి ఇంట తలదాచుకుని విష్ణువర్ధనుణ్ణి కన్నదని ఆ శాసనగాథ. ఆ ముడివేమే మన పెద్దముడియం అని చరిత్రకారులు గుర్తించారు. సారంగధరుడి కథ చరిత్ర కాదు, కల్పన. అయినా, మన పెద్దముడియం ఆశ్రయమిచ్చిన వంశం పేరు మీద అల్లిన కథలో, మన కడప పిల్ల చిత్రాంగి అయింది. ఆ కథను విషాదనాటకంగా రాసి తెలుగు వేదికకు ఇచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు కూడా బళ్ళారి సీమవారే. ఇదంతా కలిసిరావడం యాదృచ్ఛికమే. కానీ తలుచుకుంటే ముచ్చటగా ఉంటుంది.

చిత్రాంగి పాత్ర ఒప్పుకోవడం మామూలు ధైర్యం కాదు. పతివ్రతా పాత్రలతో జనం చేత దణ్ణాలు పెట్టించుకునే నటి, దానికి పూర్తిగా వ్యతిరేకమైన పాత్రలోకి దిగింది. నాటకాలాడే స్త్రీని అసలే వంకరగా చూసే సమాజంలో అలాంటి వేషం వేస్తే, వేషానికీ మనిషికీ తేడా చూసే ఓపిక ఎంతమందికుంటుంది? అయినా వేసింది. 1941లో తమిళంలో వచ్చిన అశోక్‌కుమార్ చిత్రంలో తిష్యరక్షితగా మళ్ళీ అలాంటి పాత్రే వేసింది. అందులో ఎం.కె.త్యాగరాజ భాగవతార్ కునాలుడు, మన నాగయ్యగారు అశోకుడు.

గృహలక్ష్మి, చండిక, నాగమ్మ

1938లో హెచ్.ఎం.రెడ్డిగారు రోహిణీ పతాకం మీద గృహలక్ష్మి తీశారు. ఆ సంస్థలో బి.ఎన్.రెడ్డిగారు భాగస్వామి. నాగయ్యగారికి అదే తొలి చిత్రం. డాక్టరు భర్త తాగుడుకూ, నాట్యకత్తె వ్యామోహానికీ లోబడితే కుప్పకూలిన సంసారం కథ అది. నాట్యకత్తె కాంచనమాల, భార్య కన్నాంబ. కిరీటాలూ భుజకీర్తులూ లేని మామూలు ఇల్లాలుగా, మతి చెడి మద్రాసు వీధుల్లో పరుగులు తీసే స్త్రీగా ఆమె నటించిన తీరు ఆనాటివాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. పౌరాణికాలకే పనికొస్తుందనే మాట ఆ ఒక్క చిత్రంతో పోయింది.

1940లో వచ్చిన చండికలో కన్నాంబ కత్తి పట్టింది, గుర్రమెక్కింది. నాలుగేళ్ళ కిందట పోటీ చిత్రంలో ఉన్న బళ్ళారి రాఘవగారు ఇందులో ఆమెతో కలిసి నటించారు. ఇక 1947 నాటి పల్నాటి యుద్ధం. గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టి మధ్యలోనే కన్నుమూస్తే, ఎల్.వి.ప్రసాదుగారు పూర్తి చేసిన చిత్రమది. బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావుగారు, బాలచంద్రుడు అక్కినేని. నాయకురాలు నాగమ్మ కన్నాంబ. రాజ్యాన్ని తన కొనవేలి మీద తిప్పిన మంత్రిణి పాత్ర అది. చరిత్రలో నాగమ్మను తిట్టిపోసినవాళ్ళే ఎక్కువ. కన్నాంబ నాగమ్మలో మాత్రం తిట్టుకు లొంగని ఒక ఠీవి ఉంది.

చంద్రమతి, ద్రౌపది, చిత్రాంగి, గృహలక్ష్మి, చండిక, నాగమ్మ. ఈ వరుస చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పన్నెండేళ్ళలో ఆమె ఒకే మూసలో పోసిన బొమ్మలు చెయ్యలేదు. బాధపడే స్త్రీ, ప్రశ్నించే స్త్రీ, కోరుకునే స్త్రీ, పాలించే స్త్రీ, అందరినీ చూపించింది.

కావేరి దాటిన కీర్తి

తమిళంలో ఆమెకు దక్కిన స్థానం ఇంకా గొప్పది. 1942లో జూపిటర్ వారు తీసిన కణ్ణగి ఆమెను తమిళుల ఇంటి దేవతను చేసింది. శిలప్పదికారం తమిళులకు ప్రాణప్రదమైన కావ్యం. తప్పుడు నేరం మీద భర్తను చంపించిన పాండ్యరాజు కొలువులోకి ఒంటరిగా పోయి, కాలి అందె పగలగొట్టి నిజం నిరూపించి, మదురను దహించిన ఇల్లాలు కణ్ణగి. ఆ పాత్రకు తమిళులు ఏరికోరి తెలుగు నటిని తీసుకున్నారు. కోవలన్ పి.యు.చిన్నప్ప. ఇళంగోవన్ రాసిన సంభాషణలు గ్రాంథిక ఛాయలున్న బరువైన తమిళం. కన్నాంబ వాటిని తెలుగు లిపిలో రాసుకుని వల్లె వేసిందంటారు. అయినా తెరమీద ఆ మాటలు అరువు తెచ్చుకున్నట్టు వినబడలేదు. సభలో ఆమె న్యాయం అడిగే ఘట్టం తమిళ సినిమాలో సంభాషణకు కొత్త విలువ తెచ్చింది.

1954లో ఎల్.వి.ప్రసాదుగారి దర్శకత్వంలో వచ్చిన మనోహరకు కరుణానిధిగారు సంభాషణలు రాశారు. శివాజీ గణేశన్ కథానాయకుడు, తల్లి పద్మావతి కన్నాంబ. కొడుకును గొలుసులతో బంధించి ఉంచితే, తల్లి మాటకు కట్టుబడి ఓర్పు పట్టి ఉంటాడు. చివరికి ఓర్చింది చాలు అని తల్లి ఆజ్ఞ ఇచ్చే క్షణం కోసం హాలంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూసేది. శివాజీ లాంటి నటుడి ఎదుట నిలబడి, గొంతుతో ఆ చిత్రాన్ని తనవైపు లాక్కోగలిగిన నటీమణులు ఎందరు?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేపథ్యగానం వచ్చాక, పాడగలగడం నటికి తప్పనిసరి కాకుండా పోయింది. పాట బలంతోనే సినిమాల్లోకొచ్చిన ఆమె తరం నటీనటులు చాలామంది ఆ దెబ్బకు వెనకబడిపోయారు. కన్నాంబ నిలబడింది. కారణం, ఆమె గొంతులో ఉన్నది పాట ఒక్కటే కాదు, మాట కూడా. రాగం పోయినా ఉచ్చారణ మిగిలింది. నాటకం నేర్పిన విద్య రెండోసారి ఆమెను ఆదుకుంది.

రాజరాజేశ్వరీ గడప

నాటక సమాజం పేరుతోనే కన్నాంబ దంపతులు మద్రాసులో రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ పెట్టారు. 1941లో తల్లిప్రేమ, 1942లో సుమతి, 1945లో పాదుకా పట్టాభిషేకం, 1951లో సౌదామిని, 1952లో పేదరాశి పెద్దమ్మ కథ, 1954లో సతీ సక్కుబాయి, ఇలా వరసగా చిత్రాలు తీశారు. 1944లో తమిళంలో హరిశ్చంద్ర తీసి, కన్నాంబ మళ్ళీ చంద్రమతి అయింది. 1962లో ఎన్.టి.రామారావు శివుడుగా, ఎస్.వి.రంగారావు దక్షుడుగా దక్షయజ్ఞం తీశారు. చాలావాటికి దర్శకుడు నాగభూషణంగారే.

ఈ కంపెనీ గడప తొక్కినవాళ్ళలో మన పులివెందుల పిల్లవాడొకడున్నాడు. సింహాద్రిపురంలో పుట్టిన బసవరాజు పద్మనాభం, పద్యాలూ పాటలూ తప్ప వేరే ఆస్తి లేకుండా, మీసం కూడా రాని వయసులో మద్రాసు చేరి కన్నాంబగారి ఇంటికి పోయాడు. ఊరుగాని ఊర్లో, తెలిసినవాళ్ళెవరూ లేని పిల్లవాడు. ఆమె పొమ్మనలేదు. వాడి పాట విన్నది, అన్నం పెట్టించింది, తమ కంపెనీలో పని ఇప్పించింది. ఆ పిల్లవాడే తర్వాత తెలుగువాళ్ళను దశాబ్దాలపాటు నవ్వించాడు, సొంతంగా చిత్రాలు తీశాడు. 1967లో తన శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న చిత్రం ద్వారా ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యంగారిని గాయకుడిగా పరిచయం చేశాడు. ఒక ఇంటి గడప దగ్గర ఒకరోజు పెట్టిన అన్నం ఎంతదూరం పోయిందో చూడండి! ఆ రోజు తలుపు మూసి ఉంటే మన జిల్లా ఒక నటుణ్ణి పోగొట్టుకునేది.

అమ్మగా చివరి అంకం

వయసు పైబడ్డాక చాలామంది కథానాయికలు ఇంటికి పరిమితమవుతారు. కన్నాంబ మాత్రం అమ్మ వేషాల్లో రెండో జీవితం గడిపింది. 1955లో అనార్కలిలో అక్బరు పక్కన జోధాబాయి, 1957లో తోడికోడళ్ళులో ఇంటి పెద్ద కోడలు, 1959లో మాంగల్యబలం, 1962లో ఆత్మబంధువు. తమిళంలో ఎం.జి.ఆర్.కూ శివాజీకీ తల్లిగా అనేక చిత్రాలు చేసింది. తొలి పూర్తి రంగుల తెలుగు చిత్రమైన 1963 నాటి లవకుశలో ఆమె కౌసల్య. పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకుని పోయి చూసిన చిత్రమది.

మరుసటి ఏడే, 1964 మే 7వ తేదీన, మద్రాసులో కన్నాంబ కన్నుమూసింది. అప్పటికి ఆమెకు యాభైరెండేళ్ళే. పదకొండేళ్ళ తర్వాత మద్రాసుకు, ఆపైన హైదరాబాదుకు టెలివిజన్ వచ్చింది. పాత చిత్రాలు ఇళ్ళలోకొచ్చి కూర్చున్నాయి. ఆమె ముఖం ఎరగని తరం ఆమె గొంతును అట్లా విన్నది. కానీ 1930ల నాటి టాకీల ప్రింట్లు చాలాభాగం మనకు దక్కకుండా పోయాయి. ఆమె యౌవనంలో చేసిన పని ఎక్కువగా పెద్దల నోటిమాటగానే మిగిలింది. ఆ పెద్దలూ ఇప్పుడు లేరు.

మనం చెయ్యవలసింది

ఈనాటి కుర్రవాళ్ళు పాత చిత్రం చూసి, ఆ అరుపులేమిటి, ఆ సాగదీతలేమిటి అని నవ్వుతుంటారు. మైకు లేని వేదిక కోసం తయారైన గొంతు అది అని తెలిస్తే నవ్వు ఆగుతుంది. సహజత్వం అంటే గొణగడం ఒక్కటే కాదు. చివరి వరసలో నేలమీద కూర్చున్నవాడిని కూడా మనిషిగా లెక్కపెట్టిన నటన అది.

విద్యార్థి మిత్రులారా! హరిశ్చంద్ర నాటకం మన పల్లెల్లో ఇంకా చావలేదు. జమ్మలమడుగు, పెద్దముడియం, ప్రొద్దుటూరు చుట్టుపక్కల తిరునాళ్ళకూ జాతర్లకూ పద్యనాటకం పెడుతుంటారు. మగవేషాలకు ఊరివాళ్ళే సిద్ధమవుతారు. చంద్రమతికి మాత్రం వేరే ఊరినుంచి ఒకామెను కంట్రాక్టు మాట్లాడుకుని తెస్తారు. రాత్రంతా ఆమె ఏడిస్తే మనమూ ఏడుస్తాం. పొద్దున్నే బస్సెక్కి పోతుంది. ఆమె పేరేమిటో, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకుందో అడిగేవాడు ఉండడు. కన్నాంబ బయలుదేరింది కూడా సరిగ్గా అక్కడినుంచే. మన ఇంటి ఆడపిల్ల కాలేజీ వార్షికోత్సవంలో నాటకంలో వేషం వేస్తానంటే ఇప్పటికీ ఇంట్లో ఒక్కక్షణం మాట ఆగిపోతుంది. ఆ ఒక్కక్షణం పోనంతవరకు, కన్నాంబ మా జిల్లా మనిషి అని చెప్పుకునే హక్కు మనకు సగమే ఉంటుంది.

ఈసారి తిరునాళ్ళలో తెర దిగినాక, ఆ చంద్రమతి దగ్గరికి పోయి పేరు అడగండి. రాసి పెట్టండి. పని అక్కడినుంచి మొదలుపెడదాం.